పదోరోజు బండ కింద

“బావా... పక్కకి దూకు!”

ఆ మాట చెవిన పడేలోపే కొండ కదిలింది.

తెల్లవారుజాము నాలుగు దాటింది. వాన. కటిక చీకటి. నుదుటికి కట్టుకున్న లైటు వెలుగులో రెండడుగుల బాట తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ బాట కూడా కాళ్ళ కిందనుంచి జారిపోతోంది... బురద... గులకరాళ్ళు... వాటి వెనకే పెద్ద రాళ్ళు!

లిఫ్ట్ మెకానిక్ దూకాడు.

సగమే దూకాడు.

ఫ్రిజ్జంత బండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి అతని ఎడమకాలి మీద ఆగింది. ఎక్కడికో పోవాల్సింది, ఇక్కడేదో పని గుర్తొచ్చినట్టు ఆగింది.

అరుద్దామనుకున్నాడు. ఊపిరే రావడం లేదు... ఇంక అరుపెక్కడిది!

“బావా! బావా!”

పైనుంచి బావమరిది జారుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. చూసుకోనైనా లేదు. బండకి భుజం ఆనించి తోశాడు. వీపు ఆనించి తోశాడు. చేతికర్ర కింద దూర్చి పైకెత్తబోయాడు.

టప్!

విరిగింది కర్ర. బండ కాదు.

“నొప్పుందా?”

“లేదురా. చక్కిలిగింతలు పెడుతోంది.”

బావమరిది ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. బురదలో బోర్లా పడుకుని బండ కింది సందులోకి చెయ్యి దూర్చాడు. మోకాలి కిందనుంచి మడమ దాకా తడిమాడు. “వేళ్ళు కదుపు... ఊఁ... ఇంకోసారి... కదులుతున్నాయి. ఎముక విరగలేదు బావా. ఫిల్మ్ తియ్యకుండానే చెప్తున్నా, రాసిపెట్టుకో. రెండు బండల మధ్య ఇరుక్కుంది. అంతే.”

“అంతేనా? అయితే పద, పోదాం.”

ఇద్దరూ నవ్వబోయారు. ఇద్దరికీ రాలేదు.

పద్దెనిమిది రోజుల నడకలో ఇది పదోరోజు. రోజూ నాలుగింటికే టెంట్ చుట్టేసి బయల్దేరడం, ఎండ ముదిరేలోపు సగం దూరం లాగించెయ్యడం వీళ్ళ అలవాటు.

మూడేళ్ళ కిందట విడాకుల కాగితాల మీద సంతకం పెట్టొచ్చి, బావమరిది గదిలో తలుపేసుకున్నాడు. నెల దాటినా గడ్డం గియ్యలేదు. డ్యూటీకి పోలేదు. పిలిస్తే పలికేవాడు కాదు. మెకానిక్ భార్యకి వాడు ఒక్కగానొక్క తమ్ముడు. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడితో అంది. “ఎక్కడికైనా తీసుకుపో వాణ్ణి. నాలుగు రోజులు కాళ్ళు నొప్పి పుడితే ఆ నొప్పి మర్చిపోతాడేమో.”

అలా మొదలైంది. మొదటేడు నాలుగు రోజులు. మరుసటేడు పది. ఈ ఏడు పద్దెనిమిది. ఒకటే టెంట్, ఒకటే స్టవ్, ఒకటే గిన్నె. వాడి గురక ఇతనికి, ఇతని సాక్సు కంపు వాడికి. నాలుగోరోజు దాటేసరికి వాడు మళ్ళీ పాటలు పాడేవాడు... అదీ శ్రుతి లేకుండా.

ఈసారి బస్సెక్కేటప్పుడు ఆవిడ ఒక్కటే చెప్పింది. “ఇద్దరూ వెళ్తున్నారు. ఇద్దరూ రావాలి.”

“మ్యాప్ చూడు,” అన్నాడు మెకానిక్ పళ్ళు బిగబట్టి.

బావమరిది చూశాడు. “పైన ఫారెస్టు వాళ్ళ గార్డ్ రూమ్ ఉంది. గంట నడక. వాళ్ళ దగ్గర జాకీ ఉంటుంది, గునపాలుంటాయి... వైర్‌లెస్ ఉంటుంది.”

“మరింకా నా మొహం చూస్తావేం? పో!”

“నిన్నిలా వదిలేసా?”

“ఎక్కడికి పోతాన్రా నేను!”

నిజమే. ఎక్కడికీ పోలేడు.

స్లీపింగ్ బ్యాగ్ నడుం దాకా కప్పాడు. దాని మీద ప్లాస్టిక్ పట్టా. ఒక వాకీటాకీ బావ చేతిలో పెట్టి రెండోది తన భుజానికి తగిలించుకున్నాడు. ఫోన్లకి సిగ్నల్ పోయి ఐదు రోజులైంది. ఇప్పుడు ఉన్నదల్లా ఈ రెండు సెట్లే.

లైటు చుక్క ఒకటి కొండ మీదికి ఎగబాకింది. మలుపు తిరిగింది.

పోయింది.

*

ఐదు ముప్పై ఐదు.

వాన తగ్గింది. కాలు తిమ్మిరెక్కిపోయింది. అసలుందో లేదో కూడా తెలియడం లేదు.

పందొమ్మిదేళ్ళుగా ఇతని ఉద్యోగం, లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తియ్యడం. ఇంటర్‌కామ్‌లో ఎన్ని వేలసార్లు చెప్పుంటాడో! ‘కంగారు పడకండి, కదలకండి, వచ్చేస్తున్నాం.’ లోపలివాళ్ళు ఏడుస్తుంటే, బూతులు తిడుతుంటే, వీళ్ళకింత ఓపిక లేదేమిటా అనుకునేవాడు.

ఇప్పుడు తెలుస్తోంది. లోపల ఉన్నవాడికి నిమిషం ఎంత పొడుగో!

అప్పుడు... చప్పుడు.

వాగు వైపునుంచి. రాళ్ళ మీద బూట్లు!

టార్చ్ వెలుగు పొదల మీద పాకుతూ వచ్చి అతని మొహం మీద ఆగింది.

“ఎవరది! చేతులు పైకెత్తు!”

ఎత్తాడు. “కాలు... కాలు బండ కింద ఉందండీ!”

టార్చ్ కిందికి దిగింది. ఖాకీ బట్టలు. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన మీసం. చేతిలో లావుపాటి కర్ర. గొట్టంలో గాలి పోయినట్టు ఊపిరి ఈలలేస్తోంది. ఎంతసేపు పరిగెత్తాడో!

గార్డ్.

మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. “దేవుడిలా వచ్చారు సార్!”

గార్డ్ దగ్గరికొచ్చాడు. ముందు చుట్టూ చూశాడు. పొదల వెనక వెతికాడు. బండ చుట్టూ తిరిగాడు. అప్పుడు వంగి నీళ్ళ సీసా నోటికందించాడు.

ఆ చేతి మీద... రక్తం. మణికట్టు దాటి, జాకెట్ మోచేతి దాకా వాన కడిగినా పోకుండా నల్లబడిన రక్తం!

“దెబ్బ తగిలిందా సార్?”

“నాది కాదు.”

అంతే. బండకి కర్ర ఆనించి బలం కొద్దీ ఎత్తబోయాడు. బండ చలించలేదు. “ఇది చాలదు. వాగు పక్కన లావు మానుంది, నరుక్కొస్తా. కదలకండి.”

వెలుగు వాగు వైపు వెళ్ళింది.

ఆ వెంటనే చేతిలో సెట్టు కర్రుమంది.

“బావా... బావా, వినపడుతోందా?” వగరుస్తున్నాడు బావమరిది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

“చెప్పరా! చేరావా?”

“చేరాను... బావా, ఇక్కడ... ఇక్కడొక గార్డ్ చచ్చిపడున్నాడు.”

“ఏంటీ!”

“తల పగలగొట్టారు బావా. గదంతా రక్తం. వైర్‌లెస్ వైర్లు తెంపేశారు. ఇంకొకాయన బతికున్నాడు... సర్వే ఇంజనీరట. మంచం కింద దాక్కుని ఉన్నాడు పాపం. ఎడమ చెయ్యి కోసుకుపోయింది, కట్టు కట్టుంది. ఆయన కళ్ళతో చూశాట్ట... ఇదంతా చేసింది రెండో గార్డే! ఇద్దరికీ ఏదో గొడవైందట. తాగున్నాట్ట. వీడు వాణ్ణి చంపేసి, సాక్ష్యం లేకుండా ఈయన్నీ చంపబోతే తప్పించుకున్నాట్ట. వాడు వాగు వైపు దిగాడంటున్నాడు... బావా, అంటే నీ వైపే! ఖాకీ బట్టలు, నెరిసిన మీసం...”

మెకానిక్ వాగు వైపు తల తిప్పాడు.

వాగు పక్కన కత్తి చప్పుడు. టక్... టక్... టక్...

“బావా? వింటున్నావా?”

“వాడు ఇక్కడే ఉన్నాడురా,” అన్నాడు. తన గొంతు తనకే వినపడలేదు. “మాట్లాడకు. నేను పిలిచేదాకా పిలవకు.”

సెట్టు సౌండ్ పూర్తిగా తగ్గించి స్లీపింగ్ బ్యాగ్‌లోకి దోపాడు.

టక్... టక్...

ఆగింది.

*

బూట్లు దగ్గరికొస్తున్నాయి. వాడి భుజం మీద మనిషి ఎత్తు మాను. నడుముకి కత్తి.

మెకానిక్ కాలు లాక్కోబోయాడు. చర్మం ఊడొచ్చినట్టయింది. కాలు మాత్రం రాలేదు.

“ఎందుకు లాగుతారు? ఇంకా బిగుసుకుంటుంది.” గార్డ్ మాను దించాడు. బండ కింద పెట్టి వేలాడాడు. ఈలలేసే ఊపిరితో, మెడ నరాలు ఉబ్బేదాకా వేలాడాడు. బండ ఒక్క వేలు మందం లేచి... మళ్ళీ కూర్చుంది. మెకానిక్ కళ్ళ ముందు నక్షత్రాలు!

“లాభం లేదు. ఒక్కడి వల్ల కాదు.” గార్డ్ చతికిలబడ్డాడు. “ఇంతకీ మీరు ఒక్కరే వచ్చారా బాబూ?”

వచ్చింది ప్రశ్న!

టెంట్ ఒకటే. కానీ బ్యాగులు రెండు కనపడుతూనే ఉన్నాయి. ఒక్కణ్ణే అంటే దొరికిపోతాడు.

“మా బావమరిదితో వచ్చాను. సాయం తేవడానికి కిందికి వెళ్ళాడు... నది పక్క ఊరికి.”

“పైకి పోలేదు కదా? గార్డ్ రూమ్ వైపు?”

“లేదు సార్. కిందికే.”

గార్డ్ గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. “మంచి పని చేశాడు.”

ఎందుకు మంచి పని?

“ఇందాక చేతిలో ఉన్నదేంటి... వాకీటాకీయేనా?”

చెయ్యి బ్యాగ్‌లో సెట్టు మీదే ఉండిపోయింది! “బ్యాటరీ అయిపోయింది సార్.”

గార్డ్ తలూపాడు. కాసేపు తన చేతి మీది రక్తం వైపు చూస్తూ కూర్చున్నాడు.

“మీకు చెప్పకుండా పోవడం తప్పు బాబూ. నిన్న సాయంత్రం మేమొకణ్ణి పట్టుకున్నాం. హంతకుడు. తెల్లారాక జీపొచ్చి తీసుకుపోవాలి. రాత్రి నేను బయట కట్టెలు తెస్తున్నా... లోపల మావాడు ఒక్కడే ఉన్నాడు. పట్టుబడ్డవాడికి నీళ్ళిద్దామని కట్లు విప్పినట్టున్నాడు. వచ్చి చూస్తే...” ఆగాడు. “పదకొండేళ్ళు. ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం ఇద్దరం. నా ఒళ్ళో తల పెట్టుకునే పోయాడు. ఆ హంతకుడు తుపాకీ ఎత్తుకుని ఈ వైపే దిగాడు. రాత్రంతా వెతికాను. దొరకలేదు.”

ఎంత బాగా చెబుతున్నాడో!

కళ్ళల్లో నీళ్ళు కూడా తిరుగుతున్నాయి.

మెకానిక్ మనసులో లెక్క తేలిపోయింది. ఒకవైపు ఎవడో ముక్కూమొహం తెలియనివాడు... మోచేతి దాకా రక్తం. ఇంకోవైపు బావమరిది మాట. ఇందులో ఆలోచించేదేముంది!

“అయ్యో... పాపం సార్,” అన్నాడు.

గార్డ్ లేచాడు. తూరుపున తెల్లబడుతోంది. తన ఖాకీ జాకెట్ విప్పి మెకానిక్ భుజాల మీద కప్పాడు.

“గార్డ్ రూమ్‌లో లారీ జాకీ ఉంది. వైర్‌లెస్ వైర్లు అతికించి మనుషుల్ని పిలుస్తా. అడ్డదారిన పోతే అరగంట, ముప్పావుగంట. జాకెట్ జేబులో నొప్పి మాత్రలున్నాయి, ఒకటి వేసుకోండి. మీ మెడలో విజిల్ ఉందిగా? తట్టుకోలేకపోతే ఊదండి. వినపడితే పరిగెత్తుకుంటూ పోయి వస్తా.”

గార్డ్ రూమ్‌కి!

బావమరిది ఉన్నచోటికి!

“వద్దు సార్... మీరిక్కడే ఉండండి... నాకు భయంగా ఉంది...”

“పిచ్చి బాబూ. నేనుండి ఏం చెయ్యను? బండని చూస్తూ కూర్చోనా?”

వెళ్ళిపోయాడు.

*

మలుపు తిరిగేదాకా ఆగాడు. వంద లెక్కపెట్టాడు. సెట్టు లాగి సౌండ్ పెంచాడు.

“రేయ్! ఉన్నావా? వాడు నీ దగ్గరికే వస్తున్నాడు! అడ్డదారిన. అరగంటలో అక్కడుంటాడు. మొలలో కత్తి ఉంది... పరిగెత్తు! ఎటైనా పో!”

“ఎటు పోను బావా? ఈయన నడవలేకుండా ఉన్నాడు. నువ్వక్కడ...” వెనకనుంచి ఎవరో నెమ్మదిగా ఏదో చెబుతున్నారు. “బావా, ఇక్కడ తుపాకీ ఉంది. చచ్చిపోయినాయనది. ఈయన లాక్కుని దాచాట్ట. ఈయన చెయ్యి పనిచెయ్యదు. నన్ను పట్టుకోమంటున్నాడు.”

“నీకు కాల్చడం వచ్చా?”

“రాదు. చూపిస్తానంటున్నాడు.”

మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. ఇంజెక్షన్ సూది చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి. ఆస్పత్రిలో పనిచేస్తూ కూడా!

తప్పదు.

“తలుపు వెనక నిలబడు. వాడు లోపలికి అడుగు పెట్టగానే... ఆలోచించకు. మాట్లాడనివ్వకు. వాడు కథలు బాగా చెబుతాడు, నమ్ముతావు. విన్నావా? వాణ్ణి నోరెత్తనివ్వకు!”

“సరే బావా.”

“సెట్టు ఆపెయ్. నేను పొరపాటున నొక్కినా కర్రుమంటుంది, వాడు అప్రమత్తమవుతాడు. పనయ్యాకే ఆన్ చెయ్యి.”

“బావా... నాకు భయమేస్తోంది.”

“నాక్కూడా రా.”

టిక్. సెట్టు మూగబోయింది.

చెయ్యాల్సింది చేశాడు. ఇంక చేసేదేమీ లేదు.

అప్పుడు తిరగబడింది కాలు. తిమ్మిరి వదిలి, మోకాలినుంచి తొడ దాకా కాల్చిన ఊచ దూర్చినట్టు నొప్పి! పిడికిట్లో బురద నలిగిపోయింది. మాత్రలు... జేబులో మాత్రలున్నాయన్నాడు. హంతకుడి మాత్ర వేసుకోవడమా? ఇంకో పోటు వచ్చింది. ఏదైతే అదయింది!

జేబులో చెయ్యి పెట్టాడు. మాత్రల అట్ట. దానితోపాటు చిన్న పుస్తకం. రబ్బరు బ్యాండు వేసి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా.

డ్యూటీ బుక్.

మాత్ర మింగి పుస్తకం తెరిచాడు. ఎందుకు తెరిచాడో తెలియదు. వాడెవడో తెలుసుకుందామని కావచ్చు.

చివరి పేజీ. నిన్నటి తేదీ. గుండ్రటి చేతిరాత.

‘సాయంత్రం 4.30. వాగు మలుపులో టెంట్. లోపల భార్యాభర్తల శవాలు, కత్తిపోట్లు. పై అధికారులకి తెలియజేశాం.

6.15. గుట్ట వెనక ఒకణ్ణి పట్టుకున్నాం. చనిపోయినామె గాజులు, వాచీ అతని సంచిలో దొరికాయి. సర్వే ఇంజనీర్‌నని చెబుతున్నాడు. కార్డు లేదు. ఎడమ చేతికి లోతుగా గాటు, ఆమె పెనుగులాటలో పడి ఉండొచ్చు. మేమే కట్టు కట్టాం.

చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. జాగ్రత్తగా ఉండాలి.’

కింద రెండు సంతకాలు. రెండు వేర్వేరు చేతిరాతలు.

చదివాడు.

మళ్ళీ చదివాడు.

సర్వే ఇంజనీర్. ఎడమ చెయ్యి. కట్టు. ఇటు దిగినవాడు చుట్టు తిరిగి మళ్ళీ గదికే చేరాడన్నమాట!

అక్షరాలు అలుక్కుపోయాయి.

“రేయ్!” సెట్టు నొక్కాడు. “రేయ్, అబద్ధం! అంతా అబద్ధం! నీ పక్కనున్నవాడే హంతకుడు! రేయ్!”

వదిలాడు. విన్నాడు.

ఏమీ లేదు.

ఆపెయ్యమని చెప్పింది తనే. నోరెత్తనివ్వకని చెప్పింది తనే. బావమరిది పైకి పోలేదని గార్డ్‌కి చెప్పిందీ తనే! గదిలో ఎవరూ ఉండరనుకుని నిశ్చింతగా పోతున్నాడు ఆ మనిషి!

“రేయ్... ఆన్ చెయ్యరా... ఒక్కసారి ఆన్ చెయ్యరా!”

నొక్కాడు. వదిలాడు. నొక్కాడు. వదిలాడు.

“గార్డ్ గారూ! గార్డ్ గారూ, వెళ్ళొద్దు! ఆగండీ!”

వాగు హోరు ఆ అరుపుని గుటుక్కున మింగేసింది.

కాలు లాగాడు. రెండు చేతులూ నేలకి తన్నిపెట్టి, గొంతు చీలేలా అరుస్తూ లాగాడు. రక్తం వెచ్చగా తగిలింది. విరిగినా బాగుండు! తెగినా బాగుండు! కాలు అక్కడే ఉంది. బండ అక్కడే ఉంది.

తలెత్తాడు.

వెలుగొచ్చేసింది. ఎదురు గుట్ట మీద, అడ్డదారి చివర, అగ్గిపుల్లంత ఖాకీ ఆకారం ఒకటి ఎక్కుతోంది.

విజిల్!

ఊదాడు. ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. ఆపకుండా ఊదాడు.

ఖాకీ ఆకారం ఆగింది.

ఇటు తిరిగింది!

మెకానిక్ రెండు చేతులూ గాల్లో ఊపాడు. పోవద్దు... వెనక్కి రా... చేతులతో ఏం చెప్పగలడు! వెనక్కి రమ్మన్నట్టు ఊపాడు. పిచ్చివాడిలా ఊపాడు.

గుట్ట మీద మనిషి చెయ్యెత్తి తిరిగి ఊపాడు.

వస్తున్నా బాబూ, ఇదిగో వచ్చేస్తున్నా అన్నట్టు.

తర్వాత... పరుగందుకున్నాడు!

యాభై ఏళ్ళ మనిషి, రాత్రంతా నిద్రలేని మనిషి, ఈలలేసే ఊపిరితో... పైకి పరిగెత్తాడు.

“వద్దు!” విజిల్ నోట్లోంచి జారిపోయింది. “వద్దు... వద్దు... వద్దయ్యా!”

గుట్ట ఖాళీ అయింది.

*

పదినిమిషాలో, పావుగంటో. వాచీ చూసుకోలేదు. చూసే ధైర్యం లేదు.

సెట్టు నొక్కుతూనే ఉన్నాడు. బటన్ మీద బొటనవేలు వాచిపోయింది. “ఆన్ చెయ్యరా నాన్నా... మీ అక్క మీద ఒట్టు... ఆన్ చెయ్యరా...”

పిట్టలు అరవడం మొదలుపెట్టాయి. వాన కడిగిన కొండ మీద ఎండ పడింది. ఎంత మంచి ఉదయమో!

ఢాం!

సెట్టులో కాదు. దూరంగా... కొండ మీద. పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

మెకానిక్ జాకెట్‌లో మొహం దాచుకున్నాడు. దానికింకా ఆ మనిషి చెమట వాసన ఉంది.

సెట్టు కర్రుమంది!

“బావా! బావా! అయిపోయింది!” ఏడుపో, నవ్వో, రెండూ కలిసిన గొంతు. “పడిపోయాడు బావా! తలుపు తోసుకుని లోపలికొచ్చాడు... నన్ను చూసి ‘ఎవరు బాబూ’ అన్నాడు... నువ్వు చెప్పావుగా మాట్లాడనివ్వద్దని... కాల్చేశా! కాల్చేశా బావా!”

“రేయ్ పారిపో! నీ పక్కనున్నవాడే...”

పోలేదు మాట. ఆ సెట్లతో అదే తిప్పలు. అవతలివాడు బటన్ నొక్కి ఉంచినంతసేపు ఇవతలి మాట అటు చేరదు. బావమరిది బటన్ వదలడం లేదు. బిగపట్టుకుని మాట్లాడేస్తున్నాడు.

“చేతులు వణుకుతున్నాయి బావా... ఆగడం లేదు... నేను మనిషిని చంపాను... అక్కకి చెప్పకు, ఏం? నేనే చెబుతా... నెమ్మదిగా నేనే చెబుతా...”

“వదలరా! బటన్ వదలరా!” బురదలో పిడికిలితో గుద్దుతున్నాడు మెకానిక్. “ఒక్క సెకను వదలరా!”

“...జాకీ దొరికింది బావా. పెద్దదే. ఇప్పుడే బయల్దేరతాను. నువ్వు కంగారు పడకు, కదలకు, వచ్చేస్తున్నా...”

అప్పుడు, ఆ గొంతు వెనక ఇంకో గొంతు. ప్రశాంతంగా. మర్యాదగా.

“బాగా చేశారండీ. అందులో ఇంకో తూటా ఉండాలే?”

“ఆఁ, ఉందండీ. రెండోది అలాగే ఉంది.”

“ఇలా ఇవ్వండి మరి. మీ చేతులు వణుకుతున్నాయి. పొరపాటున పేలుతుంది.”

“వద్దు!” మెకానిక్ గొంతు పగిలిపోయింది. “ఇవ్వకు! ఇవ్వకురా!”

“ఇదిగోండి... జాగ్రత్త, మీ చెయ్యి అసలే...”

ఢాం!

సెట్టు అతని అరచేతిలో అదిరింది.

ఏదో పడింది. ఎవరో పడ్డారు.

టిక్.

బటన్ వదిలింది.

ఇప్పుడు లైన్ ఖాళీ. ఇప్పుడు మాట్లాడితే వినపడుతుంది.

మెకానిక్ నొక్కాడు. పెదాలు కదిలాయి.

“రేయ్...” అన్నాడు.

అప్పటికి ఆ తుపాకీ చప్పుడు కొండ దిగి, వాగు దాటి, అతని దాకా వచ్చింది.